బంగారం కాటా మీద కెమెరా బ్యాటరీలు

మా స్టూడియో పక్కనే బంగారం కొట్టు. 2024 కార్తీకంలో ఒక మధ్యాహ్నం, బేరాల్లేని టైము చూసుకుని, నా కెమెరా బ్యాటరీలు మూడూ పట్టుకెళ్లి కాటా మీద పెట్టమన్నాను. "ఏంటమ్మాయ్, ఇదేం బంగారం?" అని నవ్వాడు కొట్టు బాబాయ్. నవ్వుతూనే తూచాడు. కెమెరాతో పాటు వచ్చిన కెనాన్ బ్యాటరీ 80 గ్రాములు. వెయ్యి రూపాయల లోకల్ బ్యాటరీ 74. కెనాన్ పేరుతో 2,200 పెట్టి నేను విడిగా కొన్నది 57.

"ఈ మూడోది పూత" అన్నాడాయన.

నాది కెనాన్ 80డీ, 2017లో కొన్నాను. తెనాలిలో నాన్న పెట్టిన స్టూడియోని ఇప్పుడు నేను నడుపుతున్నాను. బారసాలలు, అన్నప్రాసనలు, ఓణీల ఫంక్షన్లు ఎక్కువ, పెళ్లిళ్లు తక్కువ. ఈ కెమెరాకి పట్టే బ్యాటరీ ఎల్‌పీ-ఈ6ఎన్. ఒక చార్జింగ్‌కి 960 ఫోటోలని కంపెనీ లెక్క. ఫ్లాష్ కొడుతూ, మధ్యమధ్యలో ప్రతి పిన్నికీ అత్తకీ వెనక స్క్రీన్‌లో ఫోటో చూపిస్తూ తీస్తే నాకు 700 వస్తే గొప్ప. కాబట్టి రెండోది ఉండి తీరాలి. కెనాన్ కంపెనీదే కొనాలా, వేరేవాళ్లు చేసిన బయటిది సరిపోతుందా అన్న తలనొప్పి అక్కడే మొదలవుతుంది. నాన్నకి ఈ గొడవ లేదు. ఆయన యాషికా ఎఫ్‌ఎక్స్-3లో రెండు బటన్ సెల్స్ ఉండేవి, అవీ వెలుతురు కొలిచే మీటర్ కోసమే. అవి చచ్చిపోయినా షట్టర్ టక్కున పడేది.

2021లో మొదటి బయటి బ్యాటరీ కొన్నాను, 850 రూపాయలు. పేరు రాయను, ఆ పేరు ఇప్పుడు బజార్లో కనపడటం లేదు కూడా. రెండేళ్లు బాగానే పనిచేసింది. 2024లో మే, జూన్ రెండు నెలలూ మూఢం కదా, ముహూర్తాల్లేవు. కెమెరాని బ్యాటరీతో సహా మేడమీద గదిలో బీరువాలో పెట్టేశాను. పైన రేకులు, కింద గుంటూరు జిల్లా మే నెల. జులైలో తీసి మూత తెరిస్తే బ్యాటరీ బయటికి రాదు! లాక్ తీస్తే పైకి ఎగరాల్సింది, ఒక్క మిల్లీమీటరు లేచి ఆగిపోయింది. వేలిగోరుతో లాగాను, తలకిందులు చేసి అరచేతిలో తట్టాను. కదల్లేదు. ఉబ్బిపోయి అరలో బిగుసుకుపోయింది. స్క్రూడ్రైవర్ చేతిలోకి తీసుకుని, మళ్లీ కింద పెట్టేశాను. ఆ భయమే నన్ను కాపాడింది. లిథియం బ్యాటరీని పొడిస్తే మంట లేస్తుంది.

విజయవాడ గవర్నర్‌పేటలో కెమెరాలు బాగుచేసే పెద్దాయన ఒకాయన ఉన్నారు. ముందు బ్యాటరీ మూతని ఊడదీశారు (80డీలో అది విడిగా వచ్చేస్తుంది, గ్రిప్ అనే అదనపు పిడి తగిలించుకోవడానికి). తర్వాత గట్టి టేపు ముక్కని బ్యాటరీ ముఖానికి అంటించి, రెండు కొసలూ పట్టుకుని, పంటి నుంచి జీడి లాగినట్టు మెల్లగా అటూ ఇటూ ఊపుతూ లాగారు. ఐదు నిమిషాలు పట్టింది. బయటికి వచ్చాక చూస్తే నడుం దగ్గర పూరీలా పొంగి ఉంది. 300 తీసుకుని, "వాడనప్పుడు బ్యాటరీ తీసి పెట్టుకోమ్మా, కంపెనీదైనా సరే" అన్నారు. ఆ తప్పు నాదే, ఒప్పుకుంటాను. కెనాన్ మాన్యువల్‌లోనూ అదే మాట ఉంది, ఎవరు చదివారు గనక.

దాంతో ఇక బయటివి వద్దు, ఒరిజినలే అనుకున్నాను. శ్రావణం ముహూర్తాలు నెత్తిమీద ఉన్నాయి. కంపెనీ షోరూమ్‌లో అడిగితే 6 వేల పైమాట. హైదరాబాద్ వెళ్లినప్పుడు ఒక కొట్టులో (ఊళ్లో ఎక్కడో చెప్పను) అదే బ్యాటరీ, అదే డబ్బా, మీద మెరిసే స్టిక్కర్, 2,200. "ఇంపోర్ట్ మాల్ మేడమ్, అందుకే తక్కువ." నమ్మాను. ఆశ.

ఇంటికొచ్చి పెట్టగానే కెమెరా తెరమీద ఒక ప్రశ్న వేసింది: బ్యాటరీతో సమాచారం సరిగా అందడం లేదు, ఈ బ్యాటరీ మీద కెనాన్ లోగో ఉందా? తీసి చూశాను. ఉంది, బ్రహ్మాండంగా ఉంది. "లేదు" అని నొక్కాను, కెమెరా పనిచేసింది. నాకు అబద్ధం, కెమెరాకి నిజం. అప్పుడే తిరిగి ఇచ్చేయాల్సింది.

అప్పుడు పట్టించుకోని రెండో గుర్తు చార్జర్ దగ్గర ఉంది. కెనాన్ చార్జర్ లైటు నారింజ రంగులో మినుకుతుంది: సగం లోపు ఉంటే ఒక్కొక్కసారి, సగం దాటితే రెండేసి, ముప్పావు దాటితే మూడేసి సార్లు. నిండితే పచ్చ. ఖాళీ బ్యాటరీ నిండటానికి రెండున్నర గంటలు పడుతుంది. ఈ మహాతల్లికి 50 నిమిషాల్లో పచ్చ వెలిగింది. త్వరగా నిండిందని సంబరపడ్డాను. చిన్న చెంబు త్వరగానే నిండుతుంది మరి.

చేబ్రోలు దగ్గర ఓణీల ఫంక్షన్. తెరమీద 46 శాతం చూపిస్తోంది. అక్షింతల వరసలో మూడో మేనత్త చెయ్యెత్తింది, నేను నొక్కాను, కెమెరా నల్లబడిపోయింది. హెచ్చరిక లేదు, ఎర్ర గుర్తు లేదు. అప్పటికి తీసినవి 238. పాత కంపెనీ బ్యాటరీ జేబులోనే ఉంది కాబట్టి పది సెకన్లలో మార్చేశాను. ఫోటో పోలేదు, పరువు కొంచెం పోయింది.

ఆ తర్వాత నకిలీని పక్కన పెట్టుకుని పోల్చి చూశాను. కంపెనీ బ్యాటరీ ప్లాస్టిక్ మూతకి బ్యాటరీ ఆకారంలో ఒక చిన్న కిటికీ ఉంటుంది. మూతని ఒక పక్క పెడితే ఆ కిటికీలోంచి నీలం కనిపిస్తుంది, తిప్పి పెడితే కనిపించదు. నిండింది ఏది, ఖాళీ ఏది అని గుర్తు పెట్టుకోవడానికి. నకిలీ మూతకి కిటికీ ఉంది, కింద నీలం లేదు! ఎటు తిప్పినా నలుపే. కిటికీ ఎందుకుందో కూడా తెలియకుండా కాపీ కొట్టారు.

ఇప్పుడు మిగిలింది, ఆ 74 గ్రాములది. తన పేరు తనే వేసుకున్న బయటి కంపెనీ బ్యాటరీ, 1,100 రూపాయలు. ఈసారి లేబుల్ చదివి కొన్నాను. బయటి బ్యాటరీల మీద 2650 ఎంఏహెచ్ (బ్యాటరీలో ఎంత చార్జి పడుతుందో చెప్పే లెక్క) లాంటి అంకెలు చూస్తుంటాం. ఇదే సైజు డొక్కలో కెనాన్ వాళ్లు 2008లో 1800తో మొదలుపెట్టి, 2014లో 1865కి, 2020లో 2130కి వచ్చారు. పన్నెండేళ్లలో పెంచింది 330. తొమ్మిది వందల రూపాయలవాడు అదే డొక్కలో 2650 ఎలా కుక్కాడు? ఇంకో చిన్న లెక్క ఉంది. వోల్టులని ఎంఏహెచ్‌తో గుణించి వెయ్యితో భాగిస్తే వాట్ అవర్స్, అంటే బ్యాటరీలో పట్టే మొత్తం శక్తి, రావాలి. నేను చూసిన ఒక లేబుల్‌లో 7.2 వోల్టులు, 2650 ఎంఏహెచ్, పక్కనే 14.4 వాట్ అవర్స్. లెక్క కడితే 19 రావాలి. 14.4కి తగ్గది 2000. ఒక్క స్టిక్కర్ మీదే రెండు మాటలు. నేను కొన్నదాని మీద 2000, 14.4 అని ఉంది, లెక్క సరిపోయింది. వెనక బీఐఎస్ (ప్రభుత్వ ప్రమాణాల సంస్థ) గుర్తు, బ్యాటరీల భద్రతా ప్రమాణం ఐఎస్ 16046, ఆర్‌తో మొదలయ్యే రిజిస్ట్రేషన్ నంబరు ఉన్నాయి. ఆ నంబరు బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే ఎవరి పేరు మీద ఉందో వస్తుంది. కొట్టువాడి ముందే కొట్టి చూశాను. ఆయనకి కోపం వచ్చింది, రానీ.

ఏడాదిగా వాడుతున్నాను. కెమెరా ఏ ప్రశ్నా వేయలేదు. మెనూలో బ్యాటరీ సమాచారం తెరిస్తే శాతం, ఆ చార్జింగ్‌లో తీసిన ఫోటోల సంఖ్య, మూడు గళ్లలో బ్యాటరీ ఆరోగ్యం అన్నీ చూపిస్తోంది. మొదట్లో 600 వచ్చేవి, ఇప్పుడు 520. మూడు పచ్చ గళ్లలో ఒకటి అప్పుడే పోయింది. ఎనిమిదేళ్ల పాత కంపెనీ బ్యాటరీకి పోయింది కూడా ఒక్క గడే. మరో లోపం, 20 శాతం కిందికి వచ్చాక దీన్ని నమ్మలేం, గబగబా జారిపోతుంది. 25 దగ్గరే మార్చేస్తాను. వెయ్యి రూపాయలకి ఇంతకన్నా అడగను.

వీడియో లైట్లకైతే అసలు ఆలోచించను. వాటికి పట్టే ఎన్‌పీ-ఎఫ్ అనే సైజు బ్యాటరీలు నా దగ్గర నాలుగూ బయటివే. లైటు ఆరితే ఇంకోటి పెడతాం, అంతే కదా.

చివరికి కంపెనీదీ కొన్నాను, ఈసారి బిల్లుతో. ఎల్‌పీ-ఈ6ఎన్‌హెచ్, 2130 ఎంఏహెచ్‌ది, పాత 80డీలోనూ చక్కగా పనిచేస్తుంది. మొన్న ఒక పెళ్లిలో 840 దగ్గర ఇంకా 9 శాతం ఉంది. డబ్బిచ్చేటప్పుడు చెయ్యి వణికింది, ఆ రాత్రి మాత్రం టెన్షన్ లేదు. కెనాన్ ఆర్5, ఆర్6 లాంటి మిర్రర్‌లెస్ కెమెరాలు ఉన్నవాళ్లకి ఇంకో విషయం. వాటిలో 2008 నాటి పాత ఎల్‌పీ-ఈ6 (1800 ఎంఏహెచ్‌ది) పెడితే వరస షాట్ల వేగం తగ్గుతుంది, కెమెరాలో యూఎస్‌బీ చార్జింగూ ఎక్కదు. బయటివి కొనే ముందు ఈ రెండూ పనిచేస్తాయో లేదో కొట్టులోనే పెట్టి చూపించమనండి. చూపించనంటే లేచి వచ్చేయండి.

నా సంచిలో ఇప్పుడు రెండు కంపెనీవి, ఒకటి బయటిది. బయటిదాని మీద ఎర్ర గోళ్లరంగు చుక్క పెట్టాను, చీకట్లో చెయ్యి పొరపాటు పడకుండా. మూడింటి మీదా కొన్న నెల రాసిన ప్లాస్టర్ ముక్క ఉంటుంది. విమానంలో హైదరాబాద్ నుంచి ఢిల్లీ పెళ్లికి వెళ్లినప్పుడు మూడూ చేతిసంచిలోనే పెట్టుకున్నాను. విడి బ్యాటరీలు చెక్-ఇన్ లగేజీలో వేయనివ్వరు.

ఆ 2,200 కొట్టుకి ఫోన్ చేసి జరిగింది చెప్పాను. డబ్బు వెనక్కి రాదన్నాడు. పోయిన వారం తనే వాట్సాప్‌లో మెసేజ్ పెట్టాడు: "మేడమ్, కొత్త స్టాక్ వచ్చింది. ఈసారి మూతలో నీలం కూడా ఉంది."