మందు పడక ఒళ్లు పొక్కిన పిల్లలకు: ఒక్కసారి వాడి పారేసే కంటి చుక్కలు

ఫిట్స్ మందో, సల్ఫా మందో పడక స్టీవెన్స్ జాన్సన్ (చర్మం, నోరు, కంటిపొరలు పొక్కి ఊడే జబ్బు) వచ్చిన పిల్లల్లో చర్మం మానినా, కన్ను జీవితాంతం బాధపెట్టొచ్చు. ఆసుపత్రిలో ఉండగానే కంటిని తడిగా ఉంచే 0.5 శాతం కార్బాక్సీమిథైల్ సెల్యులోజ్ చుక్కలు డాక్టర్ రాస్తే, ప్రిజర్వేటివ్ (మందు పాడవకుండా కలిపే రసాయనం) లేని చిన్న గొట్టాల రకమే కొనండి. నల్గొండలోనైనా, మహబూబ్‌నగర్‌లోనైనా మెడికల్ షాపులో మామూలు సీసా ఇస్తే డబ్బా చదవండి. బెంజాల్కోనియం క్లోరైడ్ అనే ప్రిజర్వేటివ్ ఉంటే వద్దనండి. గంటకో, రెండు గంటలకో వేస్తుంటే అది పచ్చి పుండైన కంటిపొరను ఇంకా దెబ్బతీస్తుంది.

గొట్టం మెత్తగా ఉంటుంది, చిన్న నొక్కుకే ఒక్కో చుక్కా పడుతుంది. ఈ విషయంలో నాకు బాగా నచ్చింది. పిల్లను వెల్లకిలా పడుకోబెట్టి, మూసిన కంటికి ముక్కువైపు మూలలో చుక్క వదిలితే చాలు, రెప్ప కదలగానే లోపలికి జారుతుంది. రెప్పను గట్టిగా లాగితే తోలు ఊడొస్తుంది. తుంచిన గొట్టాన్ని దాచొద్దు. ఇంకో చుక్కల మందుంటే 5 నిమిషాలు ఆగాలి.

ఖర్చు ఎక్కువే, రోజుకు చాలా గొట్టాలు పడతాయి. పైగా ఇది తడినిస్తుంది గానీ, రెప్ప లోపలిపొర కనుగుడ్డుకు అతుక్కోకుండా ఆపలేదు. అందుకే కంటి డాక్టర్ రోజూ చూడాలి. మాయపొర (కాన్పు మాయ నుంచి తీసి, కంటిపై కప్పే పలుచని పొర) వేయాలంటే మొదటి వారంలోనే వేయించాలి.