మంచు ట్రెక్కుల బూట్లు: కొన్నేళ్లు వాడాక నా మాట

చీలమండ పైదాకా వచ్చే రకం, లోపల వాటర్‌ప్రూఫ్ పొర, కింద లోతైన గ్రిప్పు. ఉత్తరాఖండ్‌లో కేదార్‌కంఠ, బ్రహ్మతాల్ లాంటి చలికాలం ట్రెక్కులన్నీ ఈ జతతోనే చేశాను. కొనొచ్చా అంటే కొనొచ్చు. వేసుకుంటే జారం అనుకుని మాత్రం కొనొద్దు.

వీటి అసలు పని పాదాన్ని పొడిగా ఉంచడం. కేదార్‌కంఠ దారిలో జూడా కా తాలాబ్ అనే చెరువు దాటాక మెత్తటి మంచులో కాలు దిగబడుతుంది. మామూలు స్పోర్ట్స్ షూ అయితే కాసేపటికే తడిసి ముద్దవుతుంది, వేళ్లు తిమ్మిరెక్కుతాయి. ఇందులో ఆ బాధ లేదు, గైటర్లు (బూటు పైనుంచి పిక్కదాకా చుట్టే తొడుగులు) కట్టుకున్నంతవరకు. కట్టకపోతే మంచు పైనుంచి లోపలికి దిగుతుంది. ఇక రాత్రి టెంట్లో ఆరే మాటే లేదు. సైజు కాస్త వదులుగా తీసుకోండి. రెండు జతల సాక్సులు ఇరికించి బిగిస్తే రక్తం ఆడక చలి ఇంకా ఎక్కువేస్తుంది.

గ్రిప్పు సంగతికొస్తే, కేదార్‌కంఠలో 12,500 అడుగుల శిఖరానికి తెల్లవారకముందే బయల్దేరతాం. పగలు జనం తొక్కిన మంచు ఆ వేళకు గాజులా గడ్డకట్టి ఉంటుంది. దానిమీద ఎంత ఖరీదైన రబ్బరైనా జారుతుంది. అక్కడ ఆదుకునేవి మైక్రోస్పైక్సే, అంటే బూటు కింద తగిలించుకునే ఇనుప పళ్ల గొలుసులు. ట్రెక్కు మొదలయ్యే ఊరు సాంక్రీలో అద్దెకిస్తారు. ఎండెక్కాక వాటి పళ్ల మధ్య మంచు ఉండకడుతుంది, కర్రతో తట్టి రాల్చుకుంటూ ఉండాలి.

ఇంత సరంజామా మాకుంటే, మా గైడ్ కాళ్లకున్నవి నల్ల గమ్‌బూట్లు! ఎక్కేటప్పుడు బూటు ముక్కుతో మంచులోకి రెండుసార్లు తన్ని మెట్టు చేసుకుంటాడు, అది బరువాపుతుందని తెలిశాకే రెండో కాలు లేపుతాడు. దిగేటప్పుడు మోకాలు కొద్దిగా వంచి, మడమను మంచులోకి గుచ్చి దింపుతాడు. మనవాళ్లు భయంతో వెనక్కి వాలతారు. అలా వాలితే మడమ గుచ్చుకోదు, కాలు ముందుకు జారి కూలబడతారు. "ఏడీ మారో సర్, ఏడీ!" (హిందీలో, మడమ కొట్టండి సార్ అని) గైడ్ అరుస్తూనే ఉంటాడు. ఆ అడుగు పట్టుబడ్డాకే నాకు ఈ బూట్లు పెట్టిన డబ్బుకు పనిచేశాయి.

మన్నిక విషయంలో ఒక్క హెచ్చరిక. పాలీయూరిథేన్ మిడ్‌సోలు (పాదానికీ అడుగు రబ్బరుకూ మధ్య ఉండే మెత్తటి పొర) గాలిలో తేమకు ఏళ్లు గడిచేకొద్దీ పెళుసవుతుంది, అటకమీద ఊరికే ఉన్నా సరే. విశాఖ తేమ సంగతి చెప్పేదేముంది, నా జతకు అంచున బొటనవేలితో నొక్కితే పొడి రాలుతోంది. పాత బూట్లు తీసేవాళ్లు రైలెక్కేముందు వాటితో నాలుగు కిలోమీటర్లు నడిచి చూడండి. సోలు ఊడేదుంటే బీచ్ రోడ్డు మీదే ఊడనివ్వండి.