దుప్పటి, స్లైడ్ బోర్డు, గాలి మ్యాట్, హోయిస్ట్: పేషెంట్‌ని మంచం మార్చడానికి ఏది మేలు?

స్ట్రెచర్ మీంచి ఓటీ టేబుల్ మీదకి, సీటీ టేబుల్ మీంచి మళ్లీ మంచం మీదకి మార్చాలంటే మన దగ్గర చాలా ఆసుపత్రుల్లో ఇప్పటికీ నలుగురు చేరి దుప్పటి అంచులు పట్టుకుని "ఒకటి, రెండు, మూడు" అని ఎత్తేయడమే. పైసా ఖర్చు లేదు కదా అంటారు. ఆ ఖర్చంతా నర్సుల, వార్డ్ బాయ్‌ల, ఆయాల నడుముల మీద పడుతోంది. ఉద్యోగుల ఆరోగ్యం, భద్రత మీద పరిశోధించే అమెరికా ప్రభుత్వ సంస్థ నియోష్ సూత్రం ప్రకారం లెక్కేస్తే, అన్నీ అనుకూలంగా ఉన్నప్పుడు కూడా ఒకరు చేతులతో మోయదగ్గ పేషెంట్ బరువు 35 పౌండ్లే, అంటే దాదాపు 16 కిలోలు. 80 కిలోల మనిషిని నలుగురు పంచుకున్నా తలా 20 పడుతుంది, అదీ మంచం మీదకి వంగి, చేతులు చాపి. ఎత్తలేక ఈడ్చారా, పేషెంట్ నడుం కింద, మడమల దగ్గర చర్మం ఒరుసుకుపోతుంది, ముసలివాళ్లకైతే మరీను.

అందుకే నా ఓటు స్లైడ్ బోర్డుకి. నున్నటి ప్లాస్టిక్ పలక, అంతే. పేషెంట్‌ని కొంచెం పక్కకి తిప్పి వీపు కింద ఒక అంచు దూర్చి, రెండో అంచు అవతలి మంచం మీద ఆనిస్తే మధ్యలో ఉన్న సందు మూసుకుపోతుంది, ఇక దుప్పటి పట్టుకుని మెల్లగా జరపడమే, ఎత్తే పని ఉండదు. కరెంటు అక్కర్లేదు, తుడిస్తే శుభ్రం. కానీ రెండువైపులా బ్రేకులు వేసి ఉండాలి, అవతలి మంచం ఒక పిసరు కిందకి ఉంటే మేలు, యూరిన్ బ్యాగు, డ్రెయిన్, సెలైన్ గొట్టం ముందే చూసుకోవాలి. మత్తులో ఉన్న పేషెంట్ అయితే తల పట్టుకున్నవాళ్లే "ఒకటి, రెండు, మూడు" చెప్పాలి. పని కాగానే బోర్డు తీసేయాలి, అంచు పగిలితే పక్కన పడేయాలి.

రోలర్ బోర్డు, అంటే కవరు లోపల తిరిగే రోలర్లు ఉన్న పలక, ఇంకా తేలిగ్గా జరుగుతుంది గానీ దాని కవరు కుట్లు ఊడితే రక్తం లోపలికి పోతుంది, శుభ్రం చేయడం కష్టం. మంచం మీదే పైకి జరపడానికి, పక్కకి తిప్పడానికి నైలాన్ స్లైడ్ షీట్ అనే నున్నటి జారుడు గుడ్డ చాలు. కాకపోతే వాడిన వెంటనే లాగేయాలి, వదిలేస్తే పేషెంట్ జారిపోతారు, నేల మీద పడితే తొక్కినవాళ్లు జారిపడతారు.

గాలి మ్యాట్ అంటే బెడ్‌సోర్స్ రాకుండా వేసే ఎయిర్ బెడ్ కాదు, చాలామంది రెండూ ఒకటే అనుకుంటారు. ఇందులో బ్లోయర్ ఊదిన గాలి మ్యాట్ అడుగున సన్నటి రంధ్రాల్లోంచి బయటికొచ్చి పలచటి పొరలా నిలుస్తుంది, దాంతో 120 కిలోల మనిషి కూడా తక్కువ బలంతోనే జరుగుతారు. భారీకాయుల ఆపరేషన్లు ఎక్కువగా జరిగే చోట, పెద్ద ఐసీయూల్లో డబ్బు పెట్టాల్సింది దీని మీదే. గాలి నిండి ఉన్నంతసేపూ పేషెంట్‌ని ఒంటరిగా వదలకూడదు, పక్క రెయిలింగులు గమనించుకోవాలి. చిన్న నర్సింగ్ హోమ్‌కి మాత్రం ఇది భారమే, దాని బదులు ప్రతి వార్డుకీ ఒక బోర్డు కొనుక్కుంటే మంచిది.

హోయిస్ట్ అంటే పేషెంట్‌ని స్లింగ్ అనే గుడ్డ ఊయలలో ఉంచి పైకెత్తే యంత్రం, దాన్ని వీటి పక్కన పెట్టి పోల్చడమే సరికాదు. అది మంచం మీంచి వీల్‌చైర్‌కి, కుర్చీకి మార్చడానికి. దాని కాళ్లు మంచం కిందకి దూరాలి, చాలా ఓటీ టేబుళ్ల అడుగున ఆ చోటే ఉండదు. పక్షవాతంతో మంచాన పడినవాళ్లని ఇంట్లో ఒక్కరే చూసుకుంటుంటే మాత్రం నేను ముందు చెప్పేది హోయిస్ట్ గురించే. కొనేముందు స్లింగ్ సైజు సరిపోతుందో లేదో చూసుకోండి.

యాక్సిడెంట్ కేసుల్లో మెడకో వెన్నుపూసకో దెబ్బ తగిలిందన్న అనుమానం ఉంటే బోర్డు దూర్చడానికి ఇష్టం వచ్చినట్టు తిప్పొద్దు. ఒకరు తల, మెడ కదలకుండా పట్టుకుని, మిగతావాళ్లు ఒళ్లంతా ఒక్కసారిగా దుంగలా తిప్పాలి, లేదంటే రెండు ముక్కలుగా విడిపోయే స్కూప్ స్ట్రెచర్ వాడాలి. మనుషులు తక్కువైతే ఇంకొకరు వచ్చేదాకా ఆగండి.