మోర్గానా, స్టూవర్టా: బాంబర్ పైలట్‌గా ఎవరి సేవ గొప్పది?

రెండో ప్రపంచ యుద్ధంలో పోరాడిన అమెరికా బాంబర్ పైలట్లను పోల్చాలంటే ఎవరైనా ముందు చూసేది ఎన్ని దాడులకు వెళ్లారన్న లెక్క. ఆ లెక్కన రాబర్ట్ మోర్గాన్‌కూ, హాలీవుడ్ నటుడు జిమ్మీ స్టూవర్ట్‌కూ పోటీయే లేదు. మోర్గాన్ యూరప్‌ మీదికి 25 సార్లు, జపాన్ మీదికి 26 సార్లు వెళ్లి వచ్చారు. స్టూవర్ట్ ఖాతాలో అధికారికంగా ఉన్నవి 20. అంతటితో తేల్చేయడానికి మాత్రం నాకు మనసొప్పలేదు. తప్పుకునే వీలున్న చోట ఎవరు ఏం చేశారన్నదే నేను పెట్టుకున్న కొలత.

మోర్గాన్ ఇంగ్లండ్‌లోని బాసింగ్‌బోర్న్ స్థావరంలో 91వ బాంబర్ గ్రూపులో పనిచేశారు. పెళ్లి చేసుకోవాలనుకున్న మెంఫిస్ ఊరి అమ్మాయిని తలచుకుంటూ తన బి-17 బాంబర్‌కు 'మెంఫిస్ బెల్' అని పేరు పెట్టుకున్నారు. ఆ రోజుల్లో జర్మనీ లోపలిదాకా బాంబర్లకు తోడు వెళ్లగల యుద్ధవిమానాలు లేవు. తెరిచి ఉన్న పక్క కిటికీల దగ్గర తుపాకులతో నిలబడే సిబ్బందిని మైనస్ 40 డిగ్రీల చలి కోసేసేది. చేతితొడుగు తీసి తుపాకీ లోహాన్ని ముట్టుకుంటే చర్మం అంటుకుపోయేది. 25 దాడులు పూర్తయితే ఇంటికి పంపిస్తామన్నది నియమం. అంతవరకూ బతికి ఉంటామన్న ధీమా మాత్రం ఎవరికీ లేదు.

1943 మే 17న ఫ్రాన్స్‌లోని లోరియాంపై దాడితో మోర్గాన్ 25 పూర్తిచేశారు. అప్పటికి ఆయనకు ఇంకా పాతికేళ్లు నిండలేదు. యుద్ధఖర్చుకు ప్రజల నుంచి అప్పు తీసుకునే యుద్ధబాండ్ల ప్రచారం కోసం విమానంతో సహా దేశమంతా తిప్పారు, ఊరూరా జనం నీరాజనాలు పట్టారు. ఆయన అక్కడితో ఆగిపోయి ఉంటే వేలెత్తి చూపేవారే లేరు. కానీ ఆయన కొత్తగా వచ్చిన బి-29 బాంబర్ నడపడానికి ముందుకొచ్చి, స్క్వాడ్రన్ కమాండర్‌గా పసిఫిక్‌కు వెళ్లారు. 1944 నవంబర్ 24న సైపన్ దీవి నుంచి టోక్యో మీదికి బయల్దేరిన 111 బి-29లకు ముందున్నది ఆయన నడిపిన 'డాంట్‌లెస్ డాటీ'యే. పోనూ రానూ దాదాపు 5,000 కిలోమీటర్లు, దారంతా సముద్రమే. ఆ రోజు గురి ముసాషినోలోని నకజిమా ఇంజిన్ల కర్మాగారం. అయితే పైన వీచే పెనుగాలుల వల్ల, మబ్బుల వల్ల ఎక్కువ బాంబులు గురి తప్పాయి. మరుసటి మార్చిలో ఇవే బి-29లు టోక్యోపై నిప్పుల వాన కురిపించాయి. ఒక్క రాత్రిలో దాదాపు లక్షమంది చనిపోయారు. బాంబర్ పైలట్ల గొప్పతనం గురించి రాసేటప్పుడు ఆ జనాన్ని మరిచిపోవడం నావల్ల కాదు.

ఇక స్టూవర్ట్ కథ. ఉత్తమ నటుడిగా ఆస్కార్ అందుకున్న కొన్ని వారాలకే, 1941 మార్చిలో, మామూలు సిపాయిగా సైన్యంలో చేరారు. అంతకుముందు బరువు చాలదని ఒకసారి వెనక్కి పంపితే, ఒళ్లు చేసి మళ్లీ వచ్చారు. విమానం నడపడం అప్పటికే వచ్చు. అంత పేరున్న నటుణ్ని యుద్ధంలో పోగొట్టుకోవడం ఇష్టం లేని పైవాళ్లు చాలాకాలం శిక్షకుడిగానే ఉంచారు. నన్ను యుద్ధానికి పంపండని ఆయనే పట్టుబట్టారు. చివరికి 1943 నవంబర్‌లో 445వ గ్రూపులో ఒక స్క్వాడ్రన్ కమాండర్‌గా, బి-24 లిబరేటర్ బాంబర్లతో ఇంగ్లండ్‌లోని టిబెన్‌హామ్ చేరారు.

నా తూకాన్ని మార్చింది 1944 జనవరి 7. లుడ్విగ్స్‌హాఫెన్‌పై బాంబులు వేసి తిరిగివస్తుండగా ముందున్న 389వ గ్రూపు దారి తప్పింది. స్టూవర్ట్ రేడియోలో హెచ్చరించినా ఆ గ్రూపు నాయకుడు వినలేదు. తన విమానాలను సరైన దారిలో తీసుకుని స్టూవర్ట్ వెళ్లిపోవచ్చు, తప్పు ఆయనది కాదు. కానీ అలా విడిపోతే ఆ ముందు గ్రూపు జర్మన్ యుద్ధవిమానాలకు ఒంటరిగా చిక్కుతుంది. తన వాళ్లనూ ప్రమాదంలోకి తీసుకెళ్తున్నానని తెలిసే ఆయన వెంట వెళ్లారు. అనుకున్నట్టే శత్రువిమానాలు మీదపడ్డాయి. తర్వాత 389వ గ్రూపు కమాండర్ ఆయన చేసిన పనిని మెచ్చుకున్నారు.

మోర్గాన్ రెండోసారి యుద్ధానికి వెళ్లినప్పుడు పణంగా పెట్టింది ముందుగా తన ప్రాణాన్ని. ఆ ధైర్యానికి చేతులెత్తి మొక్కుతాను. విమానం నడిపే నేర్పు, ఓర్పు లెక్కవేస్తే ఆయనదే పైచేయి. స్టూవర్ట్ ఆ మధ్యాహ్నం కొద్ది నిమిషాల్లో వందల కొద్దీ ప్రాణాలను తూచాల్సి వచ్చింది. ఆ బరువే నన్ను వెంట్రుకవాసి తేడాతో ఆయనవైపు మొగ్గేలా చేసింది.

1944 మార్చి చివర్లో స్టూవర్ట్‌ను ఓల్డ్ బకెన్‌హామ్‌లోని 453వ గ్రూపుకు ఆపరేషన్స్ అధికారిగా పంపారు. ఆ పదవిలో ఉన్నవాళ్లు తాము కూడా ఎగరవచ్చు. కానీ ఎక్కువ రోజులు తెల్లవారకముందే పటం ముందు నిలబడి కుర్రాళ్లకు దారి చెప్పి పంపడం, మధ్యాహ్నం రన్‌వే పక్కన చేరి తిరిగొచ్చే లిబరేటర్లను ఒక్కొక్కటిగా లెక్కపెట్టడం వాళ్ల పని.