ఎల్డెన్ రింగ్: నేల చెప్పేది, మెనూ చెప్పనిది

ఎల్డెన్ రింగ్ అనే వీడియో గేమ్‌లో తొలి ప్రాంతమైన లిమ్‌గ్రేవ్‌లో అడుగు పెట్టగానే దారి మధ్యలో ఒకడు పహరా తిరుగుతుంటాడు. ఒంటిమీద బంగారు కవచం, గుర్రానికీ బంగారు కవచమే. పేరు ట్రీ సెంటినెల్. ఆట ఇప్పుడే మొదలైంది కదా, తేలికగానే పోతాడులే అని కత్తి దూస్తే రెండు మూడు దెబ్బల్లో మన పనే అయిపోతుంది. నాలుగోసారో అయిదోసారో చచ్చాక అర్థమవుతుంది, వాణ్ణి ఇప్పుడే చంపాలని ఎవరూ అడగలేదని. పక్కనున్న చెట్ల చాటున నడిచిపోతే వాడు పట్టించుకోడు. ఎల్డెన్ రింగ్ నేర్పే మొదటి పాఠం ఇదే. తెరమీద ఒక్క అక్షరం కూడా రాయకుండానే నేర్పుతుంది.

జపాన్‌లోని ఫ్రమ్‌సాఫ్ట్‌వేర్ తయారుచేసిన ఈ ఆట 2022 ఫిబ్రవరి 25న వచ్చింది. దర్శకుడు హిదెటాకా మియాజాకి. ఈ లోకానికి పూర్వపురాణం రాసింది నవలా రచయిత జార్జ్ ఆర్. ఆర్. మార్టిన్. ఆ ఏడాది ది గేమ్ అవార్డ్స్‌లో గేమ్ ఆఫ్ ది ఇయర్ దీనికే దక్కింది. పీసీ, ప్లేస్టేషన్ 4, 5, ఎక్స్‌బాక్స్ వన్, సిరీస్ ఎక్స్, ఎస్ అన్నిటిమీదా ఆడొచ్చు. సులువు, మధ్యస్థం, కష్టం అని ఎంచుకునే వీలు మాత్రం లేదు.

దీని బలమూ బలహీనతా ఒక్క గుణంలోంచే పుట్టాయి. ఈ ఆట నోరు విప్పదు. భూగోళం విషయంలో ఆ మౌనం అద్భుతంగా పనిచేస్తుంది. మనుషుల విషయంలో, అంకెల విషయంలో అదే మౌనం విసిగిస్తుంది.

ముందు నేల సంగతి. మామూలు ఓపెన్ వరల్డ్ (ఎటైనా తిరగగలిగే) ఆటల్లో మ్యాప్ తెరిస్తే ఆశ్చర్యార్థకాలూ ప్రశ్నార్థకాలూ ఈగల్లా ముసురుతాయి. ఇక్కడ మొదట్లో కనిపించేది గోధుమరంగు ఖాళీ. ఆ ఖాళీలో జాగ్రత్తగా చూస్తే సన్నటి శిలాస్తంభం గుర్తు ఒకటి ఉంటుంది. ఆ చోటికి వెళ్తే ఆ ప్రాంతపు మ్యాప్ ముక్క దొరుకుతుంది. ఎర్రటి అంచుతో నల్లటి చిన్న గుండ్రం కనిపిస్తే అక్కడో గని ఉన్నట్టు, గని అంటే ఆయుధాలకు పదునుపెట్టే స్మితింగ్ స్టోన్లు ఉన్నట్టు. పాడుబడ్డ చర్చి కనబడితే లోపల సేక్రెడ్ టియర్ ఉండే అవకాశం ఎక్కువ. అది మందు ఫ్లాస్క్ శక్తిని పెంచుతుంది. దారిపక్కన బంగారు రంగులో మెరిసే మొక్క ఉంటే దాని కింద గోల్డెన్ సీడ్ దొరుకుతుంది. దానితో ఫ్లాస్కుల సంఖ్య పెరుగుతుంది. మొదట అన్నీ కలిపి నాలుగే ఉంటాయి, చివరికి పద్నాలుగు దాకా వెళ్తాయి. ఇవేవీ పాఠంలా చెప్పదు. రెండు మూడుసార్లు చూస్తే కన్నే పట్టేస్తుంది.

ఇక మిస్ట్‌వుడ్ అడవిలో ఒక గుండ్రటి రాతి కట్టడం ఉంది. బయటికి ఏ ప్రత్యేకతా కనిపించదు. లోపలి లిఫ్ట్ ఎక్కితే కిందికి దిగుతుంది, దిగుతుంది, ఇంకా దిగుతూనే ఉంటుంది. ఇది ఎక్కడో ఇరుక్కుపోయిందేమో అని అనుమానం వచ్చే సమయానికి గోడలు తొలగిపోయి, భూమి కింద నక్షత్రాలు నిండిన ఆకాశం పరుచుకుంటుంది. అదే సియోఫ్రా నది. అప్పటిదాకా చూసిన మ్యాప్ పైపొర మాత్రమేనని, కింద ఇంకొకటుందని అప్పుడు తెలుస్తుంది. దీన్ని ఒక్క సినిమా సీన్ పెట్టకుండా, కేవలం లిఫ్ట్ ప్రయాణం పొడవుతో సాధించారు. ఈ ఆటలో నాకు అన్నిటికన్నా తెలివైన డిజైన్ అదే అనిపిస్తుంది.

అయితే ఇదే మౌనం కొత్తవాళ్ళను మొదటి అయిదారు గంటల్లో ముంచేస్తుంది. కాబట్టి వరస చెప్పాలి. ముందు చర్చ్ ఆఫ్ ఎల్లెలో ఉన్న వ్యాపారి కాలే దగ్గర 300 రూన్లు (ఈ ఆటలో డబ్బూ, లెవెల్ పెంచే ఖర్చూ ఇవే) పెట్టి, వస్తువులు తయారుచేసుకునే క్రాఫ్టింగ్ కిట్ కొనండి. రోడ్డు వెంట ఉత్తరంగా గేట్‌ఫ్రంట్ దాకా వెళ్ళి అక్కడి గ్రేస్ (ఆగి సేదతీరే బంగారు వెలుగు చోటు) దగ్గర కూర్చోండి. మెలీనా అనే అమ్మాయి కనిపిస్తుంది. ఆమె వచ్చేదాకా లెవెల్ పెంచుకునే మార్గమే లేదు, టోరెంట్ అనే గుర్రాన్ని పిలిచే ఈల కూడా ఆమే ఇస్తుంది. గేట్‌ఫ్రంట్ శిథిలాల్లోనే మ్యాప్ ముక్క, నేలమాళిగలో ఆయుధపు నైపుణ్యాలు మార్చుకోనిచ్చే వెట్‌స్టోన్ కత్తి ఉంటాయి. గుర్రం వచ్చాక రాత్రిపూట మళ్ళీ చర్చ్ ఆఫ్ ఎల్లెకి వెళ్తే ఒక మంత్రగత్తె గోడమీద కూర్చుని ఉంటుంది. ఆమె ఇచ్చే గంటతో ఆత్మలను సాయానికి పిలవొచ్చు, తోడేళ్ళ ఆత్మను కూడా తనే ఇస్తుంది. అది తప్పిపోతే ఆటగాళ్ళ స్థావరమైన రౌండ్‌టేబుల్ హోల్డ్‌లోని ట్విన్ మెయిడెన్ హస్క్స్ అనే వ్యాపారుల దగ్గర కొనుక్కోవచ్చు.

వాయవ్య దిక్కున స్టార్మ్‌వేల్ కోటకు వెళ్ళమని గ్రేస్ వెలుగు చూపిస్తుంది. వినొద్దు. కోట గుమ్మంలో మార్గిట్ అనే బాస్, అంటే పెద్ద శత్రువు, ఉంటాడు. ముందు దక్షిణాన వీపింగ్ పెనిన్సులా తిరిగి రండి. అక్కడి శత్రువులు మెత్తన, చర్చిలు ఎక్కువ. లిమ్‌గ్రేవ్ గనిలో రాళ్ళు ఏరుకుని ఆయుధాన్ని ప్లస్ మూడుకి తేండి. దానికి మొదటి రకం రాళ్ళు రెండు, నాలుగు, ఆరు చొప్పున మొత్తం 12 చాలు. చాలామంది చేసే తప్పు ఏమిటంటే రూన్లన్నీ స్ట్రెంత్‌లోనో డెక్స్‌టెరిటీలోనో పోస్తారు. మొదట్లో దెబ్బ బలం పెరిగేది ఇలాంటి స్టాట్‌తో (పాత్ర సామర్థ్యపు అంకెతో) కాదు, ఆయుధపు లెవెల్‌తో. రూన్లు ప్రాణం పెంచే విగర్‌లో పెట్టండి. సగం ఆట దాటేసరికి 40, చివరికి 60 వైపు వెళ్ళాలి. ముప్పైతో మంచు కొండలు ఎక్కినవాళ్ళే ఆట అన్యాయమని గోల పెడతారు.

కొట్లాట లోతైనది. అలాగని కష్టమంతా బాస్‌దే కాదు. మీట ఒకటే రోల్‌కీ (దొర్లి తప్పించుకోవడానికీ) పరుగుకీ వాడారు. అందుకని నొక్కినప్పుడు కాదు, వదిలినప్పుడు రోల్ అవుతుంది. కంగారులో వేలు నొక్కి ఉంచితే ఆ కాస్త ఆలస్యమే ప్రాణం తీస్తుంది. మీటను తట్టి వదలడం అలవాటు చేసుకోవాలి. రెండోది, దెబ్బ తింటున్నప్పుడు నొక్కిన మీటలను ఆట గుర్తుపెట్టుకుంటుంది. భయంతో నాలుగుసార్లు నొక్కితే లేవగానే అక్కర్లేని రోల్ ఒకటి పడుతుంది. మార్గిట్ ఈ బలహీనతను కనిపెట్టినట్టే కర్ర పైకెత్తి ఒక క్షణం ఆగుతాడు. ఎత్తినప్పుడే రోల్ చేసినవాడు నేల మీద ఉండగా మార్గిట్ దాన్ని దించుతాడు. వాడి చేతిని చూడకండి, కర్ర కదలడం మొదలయ్యే క్షణాన్ని చూడండి. బరువు సంగతీ అంతే. మోస్తున్నది సామర్థ్యంలో 70 శాతం లోపు ఉంటే రోల్ బాగుంటుంది, దాటితే కొండచిలువలా దొర్లుతారు. ఇది స్టేటస్ తెరలో చిన్న అక్షరాల్లో ఉంటుంది, చెప్పే నాథుడు ఉండడు.

అయినా ఆయుధం, మంత్రం, ఆత్మ, ఆయుధానికి ప్రత్యేక నైపుణ్యం అతికించే యాష్ ఆఫ్ వార్ కలిపి అల్లుకోగల బిల్డుల (పాత్రను మలిచే తీరుల) సంఖ్యకు అంతే లేదు. లియుర్నియా ప్రాంతంలో రెన్నాలా అనే బాస్‌ను ఓడించాక లార్వల్ టియర్ అనే వస్తువు ఇచ్చి స్టాట్లన్నీ మళ్ళీ పంచుకోవచ్చు గనక ప్రయోగాలు వృథా పోవు. ఆత్మను పిలవడం మోసమని కొందరు అంటారు. ఆటలో పెట్టిన ఆయుధం వాడితే మోసమెలా అవుతుంది? ఒక నిజం మాత్రం ఉంది. భూమి కింది నగరం నోక్రాన్‌లో దొరికే మిమిక్ టియర్‌ని (మీ రూపంలోనే పోరాడే ఆత్మను) బాగా పెంచితే చాలా బాస్‌లు మిమ్మల్ని వదిలి దాన్నే చూస్తారు. ఆ బాస్ కదలికలు మీకు ఎప్పటికీ రావు.

ఇప్పుడు మనుషుల దగ్గరికి వద్దాం. అడవిలో ఒక పొద మాట్లాడుతుంది. దాన్ని కొడితే బాక్ అనే చిన్న జీవి బయటపడుతుంది. ఎంత ముచ్చటైన పరిచయమో! కానీ తర్వాత అతను ఎక్కడికి పోయాడో రాసిపెట్టే పుస్తకమేదీ ఆటలో లేదు. 2022 మార్చి అప్‌డేట్‌లో కలిసినవాళ్ళ గుర్తులు మ్యాప్ మీద పడేలా చేశారు, అది కొంత మేలు. రన్నీ అనే మంత్రగత్తె కథ చూడండి. భూమి కింద ఆమె బొమ్మ దొరుకుతుంది. గ్రేస్ దగ్గర కూర్చుంటే ‘బొమ్మతో మాట్లాడు’ అనే వరస మెనూలో వస్తుంది. నొక్కితే బొమ్మ పలకదు. మళ్ళీ నొక్కితే పలకదు. సిగ్గు విడిచి మళ్ళీ నొక్కితేనే కథ కదులుతుంది. ఒకసారి నొక్కి వదిలేసినవాళ్ళు అక్కడే ఆగిపోతారు. మనిషి మొండితనాన్ని పరీక్షించే చమత్కారమని సమర్థించవచ్చు గానీ, గైడ్ చూడకుండా దాటినవాళ్ళు ఎందరుంటారు?

చమత్కారం కానివీ ఉన్నాయి. వాల్కనో మేనర్ అనే భవనంలో రైకార్డ్ అనే బాస్‌ను ముందే చంపితే అక్కడివాళ్ళు ఇచ్చే హత్యల పనులు ఆగిపోతాయి. ఫారమ్ అజూలా అనే ప్రాంతంలో మలికెత్ అనే బాస్‌ను చంపితే రాజధాని లెండెల్ బూడిదలో మునిగి, వదిలేసిన సందుల్లోకి మళ్ళీ వెళ్ళే దారి ఉండదు. రెండింటికీ ముందు హెచ్చరిక లేదు. ఆట తనంతట తానే సేవ్ చేసుకుంటుంది, వెనక్కి వెళ్ళడానికి పాత సేవ్ ఉండదు. పీసీలో యాప్‌డేటా లోపలి రోమింగ్‌లో ఎల్డెన్ రింగ్ పేరుతో ఫోల్డర్ ఉంటుంది. ఆట మూసేసి, వారానికోసారి దాన్ని కాపీ చేసి దాచుకోండి. ఆడుతుండగా కరెంటు పోయి ఫైలు పాడైనా అదే దిక్కు.

పాజ్ మీట లేదు, ఆఫ్‌లైన్‌లో ఆడినా లేదు. పొయ్యి మీద పాలు పొంగుతున్నా డ్రాగన్ ఆగదు. కానీ దొడ్డిదారి ఒకటుంది. మెనూ తెరిచి ఎక్విప్‌మెంట్‌లోకి వెళ్ళి, హెల్ప్ మీట నొక్కి, మెనూ వివరణ అనేది ఎంచుకుంటే ఆట నిలిచిపోతుంది. వందల కోట్ల ఆటలో పాజ్‌ను ఇలా దాచిపెట్టడం ఏం గొప్పో అర్థం కాదు.

పెద్ద లోపం మరొకటి, సాగదీత. మొదటి సగంలో ప్రతి గుహా కొత్తే. రెండో సగంలో నేలమాళిగలన్నీ ఒకే రాతిగోడలు, ఒకే లీవర్ తలుపులు. ఎర్డ్‌ట్రీ అవతార్, ట్రీ స్పిరిట్, వాచ్‌డాగ్ పదేపదే తిరిగొస్తాయి. ఒకడే కష్టమని ఇద్దరినీ ముగ్గురినీ కలిపి ఒకే గదిలో వదులుతారు. మంచు కొండల మీద చోటు ఎక్కువ, సరుకు తక్కువ, శత్రువుల దెబ్బ మాత్రం ఒక్కసారిగా పెరుగుతుంది. మలేనియా అనే బాస్ కొట్టిన ప్రతి దెబ్బకూ, డాలుతో ఆపినా సరే, ఆమె ప్రాణం తిరిగి నిండుతుంది. డాలు నమ్ముకుని అంతదాకా వచ్చినవాళ్ళకు అది అన్యాయమే. లిమ్‌గ్రేవ్, లియుర్నియా, స్టార్మ్‌వేల్ కోట, లెండెల్ ఈ నాలుగే ఉన్నా ఇది గొప్ప ఆటే అయ్యేది. చివరి పావు వంతు కోసేస్తే ఇంకా గొప్పదయ్యేది.

సాంకేతికంగా పీసీ వెర్షన్ సెకనుకు 60 ఫ్రేములకే కట్టేసి ఉంది, అల్ట్రావైడ్ తెరకు నల్ల పట్టీలే గతి. కొత్త ప్రాంతంలోకి పరుగెత్తినప్పుడు తెర ఒక్క క్షణం తడబడుతుంది. ఇది గ్రాఫిక్స్ కార్డు బలహీనత వల్ల కాదు, ఎంత ఖరీదైన కార్డున్నా పూర్తిగా పోదు. కనీసం 12 జీబీ ర్యామ్, జీటీఎక్స్ 1060 కార్డు అడుగుతారు, 60 జీబీ జాగా కావాలి. ఎస్ఎస్‌డీలో వేసుకోండి. 2023లో వచ్చిన రే ట్రేసింగ్‌ను (వెలుగునీడలను సహజంగా చూపే పద్ధతిని) ఆపేయండి, కంటికి కనపడే తేడా తక్కువ, పడే భారం ఎక్కువ. ప్లేస్టేషన్ 5 ఉన్నవాళ్ళకు ఒక విచిత్రం: అందులో ప్లేస్టేషన్ 4 వెర్షన్ వేసుకుంటేనే ఫ్రేములు నిలకడగా ఉంటాయి. బొమ్మ కాస్త మసక, ఆట మాత్రం నున్నగా సాగుతుంది.

స్నేహితుడితో కలిసి ఆడాలనే ఆశతో కొనకండి. కలిసి ఉన్నంతసేపూ గుర్రం రాదు, బాస్ చచ్చాక పిలిచిన మనిషి వెళ్ళిపోతాడు, మళ్ళీ పిలవాలి. ఆ మధ్యలో పరాయి ఆటగాడు దండెత్తి వస్తాడు.

2024 జూన్ 21న వచ్చిన షాడో ఆఫ్ ది ఎర్డ్‌ట్రీ విడిగా అమ్మే పెద్ద అధ్యాయం. లోపలికి వెళ్ళాలంటే అసలు ఆటలో రాడాన్, మోగ్ అనే బాస్‌లిద్దరినీ చంపి ఉండాలి. అక్కడ మీ లెవెల్ ఎంతైనా కావచ్చు, బలం పెంచే స్కాడుట్రీ ముక్కలు ఏరి గ్రేస్ దగ్గర వాడకపోతే మొదటి సైనికుడే చితక్కొడతాడు. ఆ ముక్కలతో వచ్చే దీవెన 20 దాకా పెరుగుతుంది. మొదటి మెట్లలోనే లాభం ఎక్కువ వచ్చేలా, విడుదలైన వారంలోనే ఒక అప్‌డేట్‌తో సర్దారు. మికెల్లా అనే పాత్ర వదిలివెళ్ళిన శిలువల్లో చాలావాటి దగ్గర ముక్క ఉంటుంది. అందుకే బాస్‌ల వెంట పడక ముందు శిలువల వెంట తిరగండి. ఈ మ్యాప్ మేడల్లా పొరలు పొరలుగా ఉంటుంది. చదునైన కాగితం మీద పక్కనే కనిపించే చోటు నిజానికి మూడంతస్తుల కింద ఉండొచ్చు.

కాబట్టి ముందు అసలు ఆట ఒక్కటే కొనండి. మోగ్ దాకా వెళ్ళడానికి చాలామందికి డెబ్బై ఎనభై గంటలు పడుతుంది. ఈలోగా స్టీమ్ అనే పీసీ ఆటల దుకాణంలో షాడో ఆఫ్ ది ఎర్డ్‌ట్రీకి ఎలాగూ ఒక డిస్కౌంట్ వచ్చి పోతుంది.