సెల్టోస్ 1.4 టర్బో మాన్యువల్: క్లచ్ మాడకుండా చురుగ్గా కదిలించడంపై దీర్ఘకాల సమీక్ష

అనంతపురంలో ఉంటూ కియా సెల్టోస్ 1.4 టర్బో పెట్రోల్ మాన్యువల్ బండిని కొన్నేళ్లుగా నడుపుతున్నాను. 2019 ఆగస్టులో మార్కెట్లోకి వచ్చిన ఈ మోడల్ మాకు దగ్గర్లోని పెనుకొండ మండలం ఎర్రమంచి ఫ్యాక్టరీలోనే తయారైంది. ఇంజిన్ 140 పీఎస్ శక్తిని, 242 న్యూటన్ మీటర్ల టార్క్‌ను (తిప్పే బలాన్ని) ఇస్తుంది. ఆ టార్క్ మొత్తం 1500 నుంచి 3200 ఆర్‌పీఎం (ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లు) మధ్యలోనే అందుతుంది. సీట్లు, స్క్రీను, మైలేజీ సంగతులు పక్కన పెట్టి, ఆగి ఉన్న ఈ బండిని క్లచ్‌కు హాని లేకుండా ఎంత త్వరగా కదిలించవచ్చు అన్న ఒక్క విషయమే ఇక్కడ రాస్తున్నాను.

ఇది పందేల కోసం కాదు. మామూలు రోడ్ల మీద పందేలు వేయడం మోటారు వాహనాల చట్టం 189వ సెక్షన్ కింద నేరం. కానీ 44వ నంబరు జాతీయ రహదారి మీద డివైడర్ తెరిచి ఉన్న చోట అడ్డంగా దాటాలన్నా, సర్వీసు రోడ్డు నుంచి లారీల వరుసలోకి చేరాలన్నా మనకు దొరికే ఖాళీ కొద్ది సెకన్లే. ఆ ఖాళీలో బండి మొరాయిస్తే ప్రాణానికే ముప్పు.

టర్బో (బయటికి పోయే వాయువుల బలంతో తిరిగి ఇంజిన్‌లోకి అదనపు గాలిని నెట్టే పరికరం) ఉన్న బండిని త్వరగా కదిలించాలంటే ముందే బాగా రేస్ చేసి పెట్టుకోవాలని, లేకపోతే టర్బో అందుకోదని చాలామంది నమ్ముతారు. నా అనుభవంలోనూ, ఇంజిన్ పనిచేసే తీరును బట్టీ ఇది నిజం కాదు. క్లచ్ తొక్కి ఉంచి 3500 దాకా రేస్ చేసినా టర్బో పెద్దగా ఒత్తిడి పుట్టించదు. భారం లేని ఇంజిన్ తిరగడానికి కొద్దిపాటి గాలి, పెట్రోలు చాలు కనుక త్రాటిల్ (ఇంజిన్‌లోకి గాలిని వదిలే మూత) దాదాపు మూసుకునే ఉంటుంది, బయటికి వచ్చే వాయువులకూ టర్బైన్‌ను గట్టిగా తిప్పేంత బలం ఉండదు. క్లచ్ పట్టుకుని ఇంజిన్ మీద బండి బరువు పడిన తర్వాతే టర్బో నిజంగా మేలుకుంటుంది. అంటే క్లచ్ ఎంత త్వరగా పూర్తిగా పట్టుకుంటే టర్బో అంత త్వరగా మన చేతికి వస్తుంది.

అందువల్ల నేను పాటించే పద్ధతి చాలా సాదా అయినది. ఫస్ట్ గేరు వేసి, స్టీరింగ్ నేరుగా ఉంచి, ఇంజిన్‌ను 1800 నుంచి 2000 మధ్య నిలుపుతాను. క్లచ్ పెడల్‌ను పట్టు అందే చోటు వరకు వేగంగానే వదిలి, బండి ముందు భాగం కొద్దిగా లేచి కదలబోతున్నట్టు కాలికి తెలిసిన చోట అర క్షణం ఆగుతాను. ఆ తర్వాత యాక్సిలరేటర్‌ను మెల్లగా పెంచుతూనే, మిగిలిన పెడల్‌ను ఒక సెకను లోపు పూర్తిగా వదిలేస్తాను. పెడల్ మీద నుంచి కాలు తీసేసిన తర్వాతే యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కుతాను. ఈ క్రమం తప్పకూడదు. క్లచ్ జారుతుండగా పూర్తి టార్క్ మీద పడితే ప్లేటు మీద వేడి ఒక్కసారిగా పెరుగుతుంది, క్లచ్ పట్టుకున్నాక పడితే ఆ బలం అంతా చక్రాలకు పోతుంది. రెండో గేరుకు మారేటప్పుడు కూడా యాక్సిలరేటర్ వదిలి మార్చడమే మేలు.

2000 దగ్గరే ఎందుకు ఆగాలో లెక్క వేస్తే స్పష్టంగా తెలుస్తుంది. ఇంజిన్ వేగాన్ని ఒకేచోట నిలిపి క్లచ్ జారుస్తూ బండిని ఆ వేగానికి తెస్తే, బండికి ఎంత గతిశక్తి వస్తుందో దాదాపు అంతే శక్తి క్లచ్‌లో వేడిగా మారుతుంది. మనుషులతో కలిపి 1400 కిలోల బండి అనుకుంటే, గంటకు 20 కిలోమీటర్లకు చేరేసరికి ఆ వేడి సుమారు 22 కిలోజౌళ్లు. గతిశక్తి వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి, 2000కు బదులు 4000 దగ్గర నిలిపి అదే పని చేస్తే వేడి నాలుగు రెట్లు అవుతుంది. అలాగని 4000 దగ్గర పెడల్‌ను ఒక్కసారిగా వదిలేస్తే ముందు చక్రాలు గిర్రున తిరిగి జారిపోతాయి. కదిలేటప్పుడు బరువు వెనక్కి వాలుతుంది కనుక ముందు చక్రాలతో నడిచే బండికి ఇది ఎలాగూ ఉన్న బలహీనతే. పొగ, చప్పుడు తప్ప దూరం కలిసిరాదు, ఇంజిన్ మౌంట్లకు, యాక్సిల్ జాయింట్లకు దెబ్బ.

అలా వాడిన ఒక టర్బో బండి క్లచ్‌ను ఊళ్లోని మెకానిక్ షెడ్డులో విప్పుతుంటే దగ్గరుండి చూశాను. లైనింగ్ (క్లచ్ ప్లేటు మీది రాపిడి పొర) అద్దంలా నునుపెక్కి ఉంది. క్లచ్ ప్లేటును నొక్కిపట్టే ప్రెషర్ ప్లేటు మీద చుట్టూ నీలి రంగు మచ్చలు, వాటి మధ్య గోటికి తగిలే సన్నటి పగుళ్లు. లైనింగ్ మందం మాత్రం సగానికి పైగా మిగిలే ఉంది. ఆ క్లచ్ అరిగిపోలేదు, మాడిపోయింది. గట్టిగా ఒకసారి కదిలించిన వెంటనే మళ్లీ అదే పని చేయకూడదని నేను గట్టిగా చెప్పడానికి కారణం ఇదే. ప్లేటు, అది అంటుకునే ఇంజిన్ చక్రమైన ఫ్లైవీల్ చల్లబడాలంటే పై గేర్లలో, క్లచ్ ముట్టుకోకుండా కొన్ని కిలోమీటర్లు నడపాలి. ఏప్రిల్, మే నెలల్లో మా ఊళ్లో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది కనుక అప్పుడు ఇంకాస్త ఎక్కువ సమయం ఇస్తాను. ఏసీ నడుస్తుంటే కంప్రెసర్ భారం కూడా ఇంజిన్ మీద ఉంటుంది కాబట్టి మరో 200 ఆర్‌పీఎం కలుపుకుంటాను. రోడ్డు అంచున ఇసుక, గులకరాళ్లు ఉన్న చోట ఈ పద్ధతి పనికిరాదు. అక్కడ ట్రాక్షన్ కంట్రోల్ (చక్రాలు జారి తిరగకుండా ఆపే ఏర్పాటు) ఆన్‌లోనే ఉంచి నెమ్మదిగా తారు మీదికి వచ్చాకే వేగం అందుకోవాలి.

నిజానికి చురుగ్గా కదిలించడం కన్నా హాఫ్ క్లచ్ మీద (పెడల్‌ను సగమే వదిలి) పాకించడమే ఎక్కువ చేటు చేస్తుందని ఇన్నేళ్ల వాడకంలో నాకు నమ్మకం కుదిరింది. కడప నుంచి రాయచోటి వైపు గువ్వలచెరువు ఘాట్ ఎక్కుతూ లోడు లారీ వెనుక చిక్కుకుంటే, బండిని క్లచ్ మీద నిలబెట్టే అలవాటు చాలామందికి ఉంది. నేను బ్రేకు మీద ఆగి, ముందు కాస్త ఖాళీ ఏర్పడ్డాక ఒకేసారి కదులుతాను.

నా బండికి ఫ్యాక్టరీ నుంచి వచ్చిన క్లచ్చే ఇప్పటికీ ఉంది. దాని స్థితిని ఖాళీ రోడ్డు మీద అప్పుడప్పుడు పరీక్షిస్తాను: నాలుగో గేరులో 1500 దగ్గర నుంచి యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కుతాను. టర్బో టార్క్ పూర్తిగా వచ్చే వేళ ఇదే కనుక, క్లచ్ బలహీనపడితే మొదట ఇక్కడే బయటపడుతుంది, స్పీడు పెరగకుండా ఆర్‌పీఎం మాత్రమే ఎగబాకుతుంది. నా బండిలో ఇప్పటిదాకా రెండూ కలిసే పెరుగుతున్నాయి.