రాడ్డా, సీఓటూనా, ఆర్గానా: వెల్డింగ్‌లో ఏది నేర్చుకుంటే మేలు?

వెల్డింగ్ ఎక్కడ మొదలుపెట్టాలని అడిగే కుర్రాళ్లను నేను ముందు ఒకటే అడుగుతాను. పని తొందరగా దొరికితే చాలా, లేక పదేళ్ల తర్వాత కూడా రేటు పెరుగుతూ ఉండాలా? ఈ రెండిటికీ దారులు వేరు.

తొందరగా కావాలంటే సీఓటూ వెల్డింగే, అంటే మిగ్. వైరు దానంతటదే వస్తుంది, స్లాగ్, అంటే వెల్డ్ మీద పేరుకునే గట్టి పెంకు, కొట్టే పని ఉండదు. కొన్ని వారాలు చేయి తిప్పితే చూడ్డానికి ముచ్చటైన బీడ్ (వెల్డ్ వరుస) పడుతుంది. ఆ ముచ్చటే మోసం చేస్తుంది కూడా. కరెంటు చాలకపోతే పైన నున్నగా ఉన్నా లోపల ప్లేటుకు అంటుకోదు. బయట గాలి వీస్తే వెల్డ్‌ను కాపాడే గ్యాస్ చెదిరి పోరోసిటీ, అంటే వెల్డ్‌లో చిన్న చిన్న రంధ్రాలు వస్తాయి. అందుకే ఈ పని ఎక్కువగా షెడ్డు లోపలే. షెడ్డులో ఒకే జాయింటును రోజుకు వందసార్లు వేసే పనిని రోబో కూడా చేస్తుంది. కార్ల ఫ్యాక్టరీల్లో చాలావరకు ఎప్పుడో చేసేసింది.

రాడ్ వెల్డింగ్ మొండి పని, కానీ చేతిని తయారు చేస్తుంది. సిలిండర్ అక్కర్లేదు, ఎత్తు మీదైనా గాలిలోనైనా సాగుతుంది. 6013 రకం రాడ్‌తో మొదలుపెట్టినా 7018 రకం వచ్చేదాకా ఆగకండి. అందులో 70 అంటే వెల్డ్‌కు చదరపు అంగుళానికి కనీసం 70,000 పౌండ్ల బలం, 1 అంటే అన్ని పొజిషన్లలో, అంటే జాయింటు కింద ఉన్నా, నిలువుగా ఉన్నా, తలపైన ఉన్నా వాడొచ్చని. ఆ రాడ్ తేమ పీలిస్తే హైడ్రోజన్ వెల్డ్‌లోకి దిగి, గంటల తర్వాత పగులు తెస్తుంది. వేడి ఓవెన్‌లోంచి ఒక్కొక్కటే తీసి వాడేవాడికీ, కట్ట విప్పి నేల మీద పెట్టేవాడికీ తేడా ఇన్‌స్పెక్టర్ కంటికి ఇట్టే కనబడుతుంది.

ఇక ఆర్గాన్, అంటే టిగ్: ఒక చేత్తో టార్చ్, ఇంకో చేత్తో ఫిల్లర్ తీగ. నెమ్మదైన పని, నేర్చుకోవడానికి అన్నిటికంటే ఎక్కువ ఓపిక కావాలి. అల్యూమినియం 660 డిగ్రీలకే కరుగుతుంది, దాని మీది ఆక్సైడ్ పొరకు మాత్రం 2,000 డిగ్రీలు దాటాలి. ఆ పొరను చెదరగొట్టడానికే అక్కడ ఏసీ కరెంటు. స్టెయిన్‌లెస్ పైపైతే లోపలి వైపు కూడా ఆర్గాన్ నింపాలి, లేదంటే రూట్, అంటే జాయింటు అడుగున పడే మొదటి పొర, మాడి గరుకుగా తేలుతుంది.

అసలు డబ్బు ఈ మూడింటిలో ఏ ఒక్కదానిలోనూ లేదు, పొజిషన్‌లో ఉంది. పైపు వెల్డర్లకు పెట్టే 6జీ టెస్ట్‌లో పైపును 45 డిగ్రీల వాలులో బిగించేస్తారు, అది తిరగదు, మనమే దాని చుట్టూ తిరగాలి. కింద పడుకున్నట్టు వంగి, మెడ ఎత్తి, కీహోల్ (రూట్‌లో కరిగి తెరుచుకునే చిన్న రంధ్రం) మూసుకుపోకుండా ఫిల్లర్ అందిస్తూ పక్కకు, పైకి రావాలి. చాలాచోట్ల రూట్ ఆర్గాన్‌తో, ఫిల్లింగ్ (మధ్య పొరలు), క్యాపింగ్ (పై పొర) 7018తో. తర్వాత ఎక్స్‌రే, లేదా ముక్క కోసి వంచి చూస్తారు. ఈ టెస్ట్ పాసైతే పైపు గ్రూవ్ జాయింట్లలో (అంచులు చెక్కి ఆ గాడిని నింపే జాయింట్లలో) మిగతా పొజిషన్లన్నీ వచ్చినట్టే. రిఫైనరీలు, పవర్ ప్లాంట్లు వెతికేది ఈ చేతినే. అక్కడ రేటు నిలిచేది వంద జాయింట్లలో ఎన్ని రిపేర్‌కు వచ్చాయన్న దాని మీద.

ఒక మాట, షట్‌డౌన్ పనుల (ప్లాంటు ఆపి చేసే మరమ్మతుల) రోజు కూలి చూసి కళ్లు తిరగనివ్వకండి. పన్నెండు గంటల షిఫ్టులు కొన్ని వారాలే, తర్వాత ఖాళీ. నెల జీతంతో పోల్చేటప్పుడు ఏడాది మొత్తం లెక్క వేయండి.

నన్నడిగితే రాడ్ ముందు, ఆర్గాన్ తర్వాత. ఇల్లు గడవాలి కాబట్టి సీఓటూ ఉద్యోగంలో చేరండి, సాయంత్రాలు మాత్రం పైపు ముక్కల మీద పెట్టండి. డ్రాయింగ్‌లో వెల్డ్ గుర్తులు చదవడం, ఫిటప్‌లో (వెల్డ్‌కు ముందు ముక్కలను జత చేయడంలో) గ్యాప్ సరిచూసుకోవడం వచ్చినవాణ్ణి ఏ ఫోర్‌మన్ వదులుకోడు. మాస్క్ మానొద్దు, వెల్డింగ్ పొగను ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2017లోనే క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చింది.

పాసయ్యాక కూడా ఒక గడువు నడుస్తూనే ఉంటుంది. ఏఎస్ఎమ్ఈ (అమెరికా మెకానికల్ ఇంజనీర్ల సంఘం) కోడ్ ప్రకారం ఆరు నెలలు ఆ ప్రాసెస్, అంటే ఆ రకం వెల్డింగ్, ముట్టకపోతే క్వాలిఫికేషన్ పోతుంది. కాబట్టి కంపెనీ మారేటప్పుడు ఏ తేదీన ఏ ప్రాసెస్ చేశారో రాసిన కాగితం సంతకంతో సహా చేతిలో పెట్టుకునే బయటికి రండి.